ఒడి నింపిన పిల్ల

కర్నూలులో మేజిస్ట్రేటు గారి ఎదుట 1955 మార్చి 14వ తేదీ సోమవారం పగలు పదకొండు గంటలకు చెప్పినది.

నా పేరు మహాదేవమ్మ. భర్త పేరు పెద్ద ఈరన్న. వయసు నలభై రెండు, అటూ ఇటూ కావచ్చు. కాపురం ఎమ్మిగనూరు. వృత్తి నేత. గుమాస్తా గారు, "మీ ఆయనది కాదు, నీది చెప్పు" అన్నారు. నాదే చెప్పాను. నేను మగ్గం దిగితే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

నా మీద రెండు నేరాలు మోపారు. రామలింగప్ప గారి స్త్రీ సదనంలో లంచం పుచ్చుకున్నానని ఒకటి. అక్కడి తిమ్మమ్మను ఎత్తుకుపోయానని రెండోది. ఆ పిల్లను తిరిగి తీసుకుపోవడానికి సదనంవాళ్లు జట్కా తెచ్చి కోర్టు బయట నిలబెట్టారు. ఇక్కడికి గుర్రం కనబడుతోంది. అందుకని త్వరగా చెబుతాను.

మొన్న మాఘమాసంలో జిల్లా సంక్షేమ కార్యాలయం ఉద్యోగి జ్ఞానరాజు గారు మా వీధికి వచ్చారు. దిక్కులేని ఆడవాళ్లను సాకే సంస్థలకు సర్కారు గ్రాంటు ఇస్తుందట. ఇచ్చే ముందు వెళ్లి చూసి చెప్పే పరిశీలకులు కావాలట. అంతవరకు ఆ పనికి ప్లీడర్లూ పెద్ద రైతులూ వెళ్లేవారు. వడ్డించింది తిని, అంతా బాగుందని చెప్పి వచ్చేవారు. ఈసారి అన్ని కులాలవాళ్లూ, అన్ని పనులవాళ్లూ ఉండాలని ఆయన ఊరూరా తిరుగుతున్నారు. ఆస్పత్రి నర్సు విశ్వాసమ్మ అప్పటికే ఒప్పుకుంది.

"నాకు సంతకమే రాదప్పా, నేనేం జూసేది?" అన్నాను.

"సంతకం సేసేటోళ్లు శానామంది ఉండారమ్మా. ఆడోళ్లు యాడ పనుకుంటాండారు, ఏం తింటాండారు అని జూసేటోళ్లే లేరు" అన్నారు. ఒకటే షరతు పెట్టారు. "ఆడ పచ్చి మంచినీళ్లు గూడా ముట్టొద్దు."

సరేనన్నాను. "సర్కారు పనికి పోతే పోలీసోళ్లే తోడొస్తారు" అని నా భర్త ఎగతాళి చేశాడు. ఆయన నోటి వాక్కు ఎప్పుడూ ఇంతే.

శుక్రవారం 11వ తేదీ పొద్దున పది గంటలకు నేనూ విశ్వాసమ్మా గ్రాంటు అడిగిన ఆ సదనానికి వెళ్లాము. అది ఈ కర్నూలు ఊరి బయటే, కాలువ గట్టు దగ్గర ఉంది. రొట్టెల మూట, నీళ్ల చెంబు మేమే తీసుకుపోయాము. రామలింగప్ప గారు కొత్త చాపలు చూపించారు. వాటి మీద ఒక్కరైనా పడుకున్న గుర్తు లేదు. భోజనానికి లేవమంటే వద్దన్నాము. వెనక వైపు ఒక గదికి తాళం వేసి ఉంది. సామాన్ల గది అన్నారు. లోపల ఎవరో దగ్గారు.

"సామాన్లకు గూడా దగ్గొస్తుందేమప్పా?" అని విశ్వాసమ్మ అడిగింది.

తాళం తీయక తప్పలేదు. తిమ్మమ్మ బయటికి వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి, మొగుడు వదిలేసిన పిల్ల. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది. దానితో ఒంటరిగా మాట్లాడాలన్నాను. రామలింగప్ప గారు ఆ మాట విననట్టే నవ్వారు. "శుక్రవారం పూట ముత్తైదువ వచ్చింది, ఉత్త ఒడితో పంపుతామా! తిమ్మమ్మా, నువ్వే ఒడి నింపు" అన్నారు. విశ్వాసమ్మ కిరస్తానీ అని ఆమెను వసారా ఎక్కనివ్వలేదు. ఆమె వాకిట్లో నిలబడే అంతా చూసింది.

మా వైపు ఒడిబియ్యం వద్దనకూడదు. వద్దంటే నా పసుపు కుంకుమలను నేనే కాలదన్నుకున్నట్టు. షరతు గుర్తుండే ఒడి పట్టాను. రవికె గుడ్డ, కొబ్బరి చిప్ప, బియ్యం. పోసేటప్పుడు పిల్ల చేతులు కొంగు దాటి బయటికి రాక తప్పదు. మణికట్టు దాకా నీలం రంగు, దాని కింద బొబ్బలు. తిప్పే కట్టె ఇవ్వకుండా, సోడా కలిపిన రంగునీళ్లలో ఒట్టి చేతులతో నూలు తిప్పించారని నేతదాన్ని, నాకు చూడగానే తెలిసింది. రంగుల షెడ్డు రామలింగప్ప గారిదే, సదనం వెనకే ఉంది.

పిల్ల వంగి బియ్యం పోస్తూ, "అక్కా, నన్ను ఈడ ఇడిసిపెట్టి పోవాకు" అంది.

ఒడి నింపేది పుట్టిల్లు. ఆ ఇంట్లో నా ఒడి నింపింది ఆ పిల్ల. ఒడి నింపించి నన్ను కట్టేయాలని రామలింగప్ప గారు అనుకున్నారు. కట్టేశారు కూడా, అయితే తనకు కాదు. బియ్యం కొంగున కట్టుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి బయలుదేరాను.

ఆయన గేటుకు అడ్డం నిలబడ్డారు. "తిన్నింటి వాసాలు లెక్కబెడతావా?" అన్నారు.

"తినలేదప్పా. వాసాలు లెక్కబెట్టేకే నన్ను పిలిచినారు" అన్నాను.

ఆయన పిల్ల చెయ్యి పట్టి లాగారు. బొబ్బలు చిట్లి పిల్ల అరిచిన అరుపుకు గట్టు మీద బండ్లు ఆగాయి. జనం గేటు దగ్గరికి వచ్చాక ఆయన పక్కకు తప్పుకున్నారు. నేను పిల్లను దాచలేదు. విశ్వాసమ్మ, నేను తిన్నగా ఆస్పత్రికి తీసుకుపోయాము. సాయంత్రం పోలీసులు అక్కడికే వచ్చారు.

ఆ బియ్యం మూటకు సీలు వేసి తమరి బల్ల మీద పెట్టారు. ఒడిబియ్యం అయినవాళ్లతో కలిసి వండుకుని తినాలి. అది లంచమని తమరు అనుకుంటే నాకు శిక్ష వేయండి, జైలుకు పోతాను. పిల్లను మాత్రం ఆ జట్కా ఎక్కించకండి. నాకు భయంగా ఉంది. ఇది కూడా రాయండి.

నేను చెప్పింది చెప్పినట్టు చదివి వినిపించారు, విన్నాను. ఇందులో కల్పించి చెప్పింది ఏమీ లేదు. నాకు సంతకం రాదు. ఇక్కడే నా పక్కన నిలబడిన తిమ్మమ్మకు వచ్చు. సాక్షిగా నా ముద్ర పక్కన చేస్తానని కలం అడిగింది. వేళ్లు మడవలేక కింద పెట్టేసింది.

మహాదేవమ్మ ఎడమ బొటనవేలి ముద్ర.