రేటుకు తాళం

బేగంబజార్‌లో పురుషోత్తం ఇత్తడి సామాన్ల దుకాణం. పొద్దున షట్టర్ ఎత్తగానే వచ్చిన తొలి గిరాకీ ఉత్త చేతులతో తిరిగిపోయింది. గల్లా మీద కూర్చునే కూతురు ఆశ్రితకు ఒళ్లు మండిపోతోంది. తమ్ముడు వివేక్ మాత్రం తనకేమీ పట్టనట్టు కంప్యూటర్‌లోకి చూస్తున్నాడు.

“చూసినవారా వివేక్? లాల్‌దర్వాజ నుంచి వచ్చింది రాజమణక్క. గుండిగ కోసం. బోణి గిరాకీ. ఉత్తగ పాయె.”

“నేనేం జేసిన అక్కా?”

“నువ్వేం జేసినవా? బోణి అని జర తగ్గిద్దామంటే కంప్యూటర్‌ల రేటు అంకె మారుతనే లేదు. పర్మిషన్ లేదంట. నాకు పర్మిషన్ లేదంట.”

“కొత్త సాఫ్ట్‌వేర్ గదా. సామాను పేరు, బరువు ఎవరన్న మార్చొచ్చు. రేటొక్కటి లాక్ ఉంటది. సెక్యూరిటీ.”

“ఎవల నుంచి సెక్యూరిటీ? నేను దొంగనా?”

“గట్ల అన్ననా?”

“అనకుంటనే తాళమేసినవ్. బాపు ఎన్నడన్న బోణి గిరాకీని ఉత్తగ పంపిండా? లాభం లేకున్నా సరే, సామాను చేతుల వెట్టే పంపుతుండె. గా ముచ్చట నీ మిషన్‌కేం ఎరుక?”

“కొన్ని దినాలైతే అలవాటైతది.”

“గిరాకీకి అలవాటైతది, ఎదురు దుకాణం. తియ్ లాక్.”

“చాయ్ చెప్పనా అక్కా?”

“నా నోట్లె నోరు పెట్టకు. డిగ్రీ ఇడిచిపెట్టి ఈడ పడ్డ. నువ్వు దోస్తుల తోని తిరుగుతున్నప్పుడు బాపు పక్కన నిలబడి బేరం నేర్చుకున్న. ఇప్పుడు నేను చూసుడు వరకే, మార్చుడు నీ పనా? నువ్వు ఓనర్‌వైనవా?”

“నేను గాలే.”

“మల్ల జరుగు. నీ లాగిన్ తోని తీస్త.”

“వద్దక్కా.”

“జరుగుమన్న.”

“అక్కా, జర ఇను...”

“ఇదేంది? నీక్కూడ పర్మిషన్ లేదంటుంది.”

“చెప్పిన గదా.”

“ఏం చెప్పినవ్? పొద్దటి సంది ఒక్క ముచ్చట సక్కగ చెప్పలే నువ్వు.”

“బాపునడుగు.”

అప్పుడే వచ్చిన పురుషోత్తం చెప్పులు విడుస్తున్నాడు. కూతురి గొంతు బయటి దాకా వినబడిందని ఆయన మొహమే చెబుతోంది.

“బాపూ, నీ పాస్‌వర్డ్ చెప్పు. వీడేసిన లాక్ నేనే తీస్త.”

“పొద్దుగాలనే లొల్లి ఎందుకు బిడ్డా?”

“పాస్‌వర్డ్ చెప్పు.”

“నా దాంతోని రాదు.”

“నీ దుకాణంల నీ దాంతోని రాకుంటే ఎవల దాంతోని వస్తది?”

“వివేక్, అక్కకు చెప్పలేదారా?”

“నువ్వే చెప్తనంటివి గద బాపు.”

“ఏం చెప్పాలె? ఇద్దరు నా మొకం చూడుండ్రి. ఈ లాక్ ఎవరేసిండ్రు?”

“కొన్నాయన మనిషి ఏసి పోయిండు బిడ్డా.”

“ఏం కొన్నాయన?”

“దుకాణం. వీడు దుకాణం నడపనన్నడు. కొలువు చేస్కుంటనన్నడు. నా మోకాళ్లు చూస్తున్నవు గదా. ఎన్ని దినాలని నడుపుత?”

“నడుపుతుంది నేను గద బాపు. ఇన్నేండ్ల సంది నేను గదా.”

“నువ్వే బిడ్డా. కాదన్ననా?”

“మరి నన్నొక్క మాట అడిగినవా?”

“అడిగితే ఒద్దంటవని అడగలే.”

“వాడు ఒద్దంటే అమ్మినవ్. నేను ఒద్దంటనని అడగలే. ఇంట్ల వాని మాటకున్న ఇలువ నా మాటకు లేదా బాపు?”

“జర మెల్లగ. దుకాణం కొన్నాయన కారు దిగుతుండు. ఆ కుర్సీల నుంచి లే, బిడ్డా.”