ఉమ్మీకి నేర్పిన లారీ ఇంగ్లీషు

"తాతా, నువ్వు మస్కట్‌ల డ్రైవర్ పనికి పోయి ఇంగ్లీష్ సారువైనవంట గద! అత్త చెప్పింది. ఇగో, ఫోన్ల రికార్డు పెట్టిన, చెప్పు."

మీ అత్త చెప్పిందా? నా బిడ్డే గని, దాని కడుపుల ఒక్క మాట ఆగదు. ఆ, నిజమే బిడ్డా. నవ్వకు. ఇప్పుడే నవ్వితే నేను చెప్ప. ఆ ఫోను జర దగ్గర పెట్టు... గంత దగ్గర గాదు, మీసాలకు తాకుతుంది.

ముందుగాల ఒక మాట ఇను. నేను టెన్త్ ఫెయిల్. దేంట్ల అనుకున్నవ్? ఇంగ్లీష్‌లనే! నాగిరెడ్డిపేట నుంచి ఎల్లారెడ్డి హైస్కూల్‌కు బస్సుల పోతుంటిమి. టికెట్ పావలా ఉండె... కాదు కాదు, అర్ధరూపాయి. పావలా ముందటి ముచ్చట, మా అన్న సదివినప్పుడు. సరే గని, లెక్కలు గూడ పాసైన, ఇంగ్లీష్‌ల పదకొండు మార్కులొచ్చినయ్. మా బాపుకు సదువు రాదు. పదకొండంటే మస్తు అనుకొని అంగట్ల అందరికి చెప్పొచ్చిండు పాపం. మా సారు దొరికి, "ఏమయ్యా, గంత సంబురం దేనికి?" అని అడిగిండంట.

ఇగ సదువు బందువెట్టి లారీ ఎక్కిన. కామారెడ్డిల బెల్లం ఏసుకొని బిచ్కుంద మీదికెళ్లి మహారాష్ట్రకు పోతుంటి. నాకొచ్చిన ఇంగ్లీషంత ముందటి లారీల ఎన్క సదివి నేర్సుకున్నదే. హార్న్ ఓకే ప్లీజ్. కీప్ డిస్టెన్స్. స్టాప్. గంతే నా సదువు, ఎర్కేనా?

గట్లాంటోన్ని మస్కట్‌ల ఒక అరబ్బు ఇంట్ల కారు డ్రైవర్‌గ పెట్టుకున్నరు. మా కఫీల్, అంటే నన్ను పనికి పెట్టుకున్నాయన, పేరు సలీం. మంచోడే. గని మాట పెద్దది. మెల్లగ మాట్లాడుడు ఆయనకు రానే రాదు. వాళ్లమ్మను ఇంట్ల అందరు ఉమ్మీ అంటుండె, అమ్మా అనుడన్నట్టు. నేను గూడ గదే అన్న. ముసలామె, సన్నగ, చేతికర్ర పట్టుకొని టకటక నడుస్తుండె. రెండు కండ్లల్ల పొర. మనిషొచ్చిండంటే ఎవరో వచ్చిండ్రని తెలుస్తది గని మొకం ఆనదు. మా నడుమ మాటలు సగం అర్బీ, సగం హిందీ, ఎటూ పోకపోతే చేతులు.

ఒకనాడు పెట్రోల్ పంపు కాడ నేను ఆ పిలగాన్తోని అన్న, "ఫుల్ ట్యాంక్ ప్లీజ్. థాంక్యూ." గంతే బిడ్డా! ఎన్క సీట్ల ముసలామె దిగ్గున లేసి కూసున్నది.

"నీకు ఇంగ్లీషొస్తదా?" అన్నది.

నేను రాదనొచ్చు గద. మొగోన్ని, ఆ వయసుల బడాయి ఉంటది. "వస్తది ఉమ్మీ, సదువుకున్న" అన్న.

"అయితే నాకు నేర్పు. నా కొడుక్కు చెప్పకు."

ఎందుకంటే ఏం చెప్పింది తెలుసా? కండ్ల దవాఖానల డాక్టరు బయట దేశమాయన, అర్బీ రాదు, ఇంగ్లీష్‌లనే మాట్లాడుతడు. ఎంబడి కొడుకే పోతడు, ఆయనే తిప్పి చెప్తడు. "డాక్టరు ఇంత పొడుగు మాట్లాడుతడు" అని రెండు చేతులు జాపి చూపెట్టింది, "నా కొడుకు మాత్రం 'ఏం లేదమ్మా, సుక్కలేసుకోమన్నడు' అంటడు. గంత పొడుగు మాట గింత పొట్టిగెట్లయితది? నడుమ ఎవడో మింగుతున్నడు."

నాకు నవ్వొచ్చింది, గని ఆమె నవ్వలే. "నా కండ్లు, నాకు తెల్వొద్దా?" అన్నది. అగో, గా మాటకు నేను కాదనలేకపోయిన.

ఇగ మొదలైంది మా బడి. కారే బడి. పొద్దుగాల వాళ్ల కర్జూరం తోటకు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు. నేనేం చెప్పాలె? నాకొచ్చిందే చెప్పిన. స్టాప్ అంటే ఆగు. స్లో అంటే మెల్లగ. హార్న్ అంటే లొల్లి. నో అంటే వద్దు. ముసలామె మెదడు మస్తు పదును బిడ్డా, రెండు దినాలల్ల రెండు కలిపి కొత్త మాట చేసింది. ఇంట్ల సలీం ఫోన్ల ఒర్లుతుంటే కర్రతోని నేల మీద కొట్టి, "నో హార్న్!" అన్నదంట. ఆయన పరేషాన్. టీవీల ఇని నేర్సుకున్నదనుకున్నడు.

కీప్ డిస్టెన్స్ కాడ మాత్రం నేను తప్పు జేసిన. దానికి అర్థమేందంటే, "మంచిగుండాలని చెప్పుడు ఉమ్మీ, లారీలోళ్లు ఒకరికొకరు చెప్పుకుంటరు" అన్న. అబద్ధం గాదు గద? ముసలామె దాన్ని దీవెన అనుకున్నది. పక్కింటామె, బళ్లె ఇంగ్లీష్ చెప్పే టీచరమ్మ, చూసిపోదామని వస్తే కావా, గదే వాళ్ల కాఫీ, తాగిపిచ్చి, కర్జూరాలు పెట్టి, సాగదోలేటప్పుడు చేతులు పట్టుకొని ప్రేమగ, "కీప్ డిస్టెన్స్, కీప్ డిస్టెన్స్" అన్నది! ఆమె మొకం మాడిపోయింది. నెల దాక ఇటు దిక్కు రాలే. తర్వాత నేను అసలు అర్థం చెప్తే ముసలామె కారాపిచ్చి అరగంట తిట్టింది నన్ను. తిట్టి, మళ్ల, "మాట మాత్రం మంచిగుంది, పనికొస్తది, ఉంచుకుంట" అన్నది.

"ఇంకేం నేర్పినవ్ తాతా?"

నేర్పింది ఒకటి, ఆమె నేర్సుకున్నది ఇంకోటి. ఆమె తప్పు పలికినప్పుడల్ల నా నోట్లకెళ్లి మన మాట వస్తుండె, "గట్ల కాదు ఉమ్మీ, గట్ల కాదు" అని. ఆమె గది గూడ ఇంగ్లీషే అనుకున్నది. నాకు తెల్వనే తెల్వదు.

నాకు రాని మాటలు గూడ ఉండె. "నాకు మళ్ల కనిపిస్తదా" అనేదాన్ని ఇంగ్లీష్‌ల ఏమంటరు? నాకు రాదు. సామాన్ల దుకాణంల కేరళాయనను అడిగి, చిట్టీ మీద మన అక్షరాలల్ల రాసుకొని, బండి నడుపుకుంట నేను సదువుడు, ఎన్క ఆమె అనుడు. ఐ సీ అగైన్? ఐ సీ అగైన్? ఇద్దరం కలిసి గదే పాట. టెన్త్‌ల గంత కష్టపడితే పాసైపోతుంటి!

ఆరు నెలలకు దవాఖాన తారీఖొచ్చింది. నేనెప్పుడు కార్లనే ఉంటుంటి. ఆ దినం ముసలామె నా చెయ్యి ఇడిస్తలేదు. "కాళ్లు వణుకుతున్నయ్, డ్రైవర్ పట్టుకొని లోపలికి రావాలె" అన్నది. కాళ్లు మంచిగనే ఉన్నయ్. వణుకుతున్నది నేను. ఈ ముచ్చట బయటపడితే నన్ను ఎల్లారెడ్డి బస్సు ఎక్కిస్తరు గద? మీ నానమ్మ అప్పుడే ఇంటికి పైకప్పు ఏపిస్తున్నది.

లోపల డాక్టరు ఎప్పటి తీరుగనే సలీంతోని మొదలువెట్టిండు. సలీం తల ఊపుతున్నడు. ఊపి, అమ్మ దిక్కు తిరిగి, "ఏం లేదమ్మా, సుక్కలే..." అన్నడో లేదో, కర్ర బల్ల మీద ఠప్పున పడ్డది.

"నో హార్న్!"

డాక్టర్ కుర్చీల ఎన్కకు జరిగిండు.

"డాక్టర్. మై ఐ. టెల్ మీ. స్లో, స్లో." అన్నది ముసలామె. "ఐ సీ అగైన్?"

డాక్టరు లేసొచ్చి ఆమె ముందట చిన్న పీట మీద కూసున్నడు. మెల్లగ, ఒక్కొక్క మాట, నాకు గూడ సమజయ్యేటట్టు చెప్పిండు. చిన్న ఆపరేషన్. పొర తీస్తరు. కనిపిస్తది. రెండేండ్ల నుంచి చెప్తున్న, గని ఇంట్లోళ్లు వద్దంటున్నరు.

ముసలామె కొడుకు దిక్కు తిరిగింది. ఆయన అర్బీల ఏందో అనబోయిండు, "అమ్మా, నువ్వు పెద్దదానివి, ఇప్పుడెందుకు..." అని.

"గట్లకాదు!" అన్నది ముసలామె. డాక్టర్ దిక్కు గూడ తిరిగి, "డాక్టర్, గట్లకాదు! ఆపరేషన్ ఓకే ప్లీజ్."

డాక్టర్‌కు సమజ్ గాలే, గని మూలకు నిలబడ్డ నర్సు ఉన్నది చూడు, మన దిక్కు పిల్లనే, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుడు, ఆపుకోలేక గోడ దిక్కు తిరుగుడు. తిరిగి తెలుగుల అడిగేసింది, "అవ్వా, నీకు ఈ ఇంగ్లీషెవరు నేర్పిండ్రే?"

నేను నేల చూస్తున్న. ఆ పిల్ల మాట, నా మాట ఒక్క తీరే అని పసిగట్టి సలీం నన్ను చూస్తున్నడు. ఇగ ఖతం అనుకున్న.

ఇంటికొచ్చినం. ముసలామెను లోపలికి పంపి, ఆయన కారుకు ఒరిగి నిలబడ్డడు. "ఎన్ని దినాల నుంచి?" అన్నడు. ఆరు నెలలన్న. తర్వాత, ఎప్పుడు లేంది, మెల్లగ మాట్లాడిండు. వాళ్ల నాయిన చిన్న ఆపరేషన్ అనే లోపలికి పోయిండంట, మళ్ల రాలేదంట. సంతకం పెట్టింది సలీమే. "మా అమ్మకు గూడ నా చేత్తోని ఎట్ల పెట్టాలె? నువ్వే చెప్పు" అన్నడు. గంత పెద్ద మనిషి నా ముందట ఏడ్సిండు బిడ్డా. దవాఖానల ఇన్నప్పుడు నేను ఆయనను కాపీనం మనిషి, పిసినారోడు అనుకున్న, పైసలకే వద్దంటుండని. మనకేం తెలుస్తది, ఎవల లోపల ఏముందో.

"సంతకం ఉమ్మీనే పెట్టుకుంటది సాబ్, పెట్టనియ్యుండ్రి" అన్న. ఎట్లొచ్చిందో నాకా ధైర్యం.

కండ్లు తుడ్సుకున్నడు. "అన్ని నేర్పినవ్ మంచిగనే. ఆ కీప్ డిస్టెన్స్ ఎందుకు నేర్పినవయ్యా? ఇప్పుడు కారు దిగేటప్పుడు గదే అని నన్ను దగ్గరికి రానియ్యలే!" అని నవ్విండు. నేను గూడ నవ్విన. నౌకరి మిగిలింది.

ఆపరేషన్ అయ్యింది. కాయిదం మీద ముసలామెనే ఏలిముద్ర ఏసింది. ఒక కన్ను ముందు, తర్వాత రెండోది. పట్టి ఇప్పినాక మూడోనాడు కారెక్కనీకె వచ్చి, నా ముందట నిలబడి కింది నుంచి పైకి చూసింది. నేను ఏమంటదోనని సూస్తున్న, మెచ్చుకుంటదేమో అని.

"నీ అంగీకి రెండు గుండీలు లేవు" అన్నది. "ఇన్నొద్దులు గిట్లనే తిరుగుతున్నవా? ఎవరు చెప్పలేదా నీకు?"

అవును బిడ్డా, ఎవరు చెప్తరు? మీ నానమ్మ ఈడ, నేను ఆడ. అంగీ ఇప్పియ్యమన్నది. నేను బనీను మీద కార్ల కూసున్న, సిగ్గుతోని అద్దాలు ఎక్కిచ్చుకొని. ఆమె గడప మీద ఎండల కూసున్నది. సలీం పెండ్లాం సూది అందుకోబోతే వద్దన్నది. దారం కొస నోట్లె తడిపి, సూదిని ఎత్తి పట్టుకొని, ఒక్కపారికే ఎక్కిచ్చింది. ఎక్కిచ్చి, నాకు కనవడాలని గా సూదిని కారు దిక్కు ఎత్తి చూపెట్టింది.

నేను ఆడ కార్ల... సరే, ఇగ బందు చెయ్యి బిడ్డా ఆ ఫోను. నీ కండ్లు సల్లగుండ. ఏడికి పోయినా నువ్వు అడగాల్సింది నువ్వే అడుగు, మాట తప్పొచ్చినా మంచిదే... సల్లగ బతుకు తల్లీ. జర మీ నానమ్మను పిలువు, చాయ పెడ్తనన్నది, ఏడికి పోయిందో...