రాజయ్య అమ్ముకోని చేపలు

వేదిక మీదున్న మత్స్యకార సంఘం అధ్యక్షులకు, సంఘం సభ్యులకు, పనులు మానుకుని వచ్చిన ఊరివాళ్ళకు, ముందు వరుసలో కూర్చున్న రాజయ్య ఇల్లాలు సక్కుబాయమ్మకు నమస్కారం.

నా పేరు శివశంకర్. మాది అనంతపురం. పదిహేనేళ్ళుగా హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాజయ్య మనల్ని వదిలిపోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. మొన్న సక్కుబాయమ్మ ఫోన్ చేసి, "మీరొచ్చి ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలె సార్" అంది. మంచి మాటలు నలభై చెప్పగలను. కానీ వాటికన్నా ముందు మీ అందరికీ చెప్పాల్సింది ఒకటుంది. సిగ్గుపడుతూ చెప్పేది తొందరగా నోటికి రాదు. కాస్త ఓపిక పట్టండి.

కరోనాకు ముందు ఏడాది మేం నలుగురం, ఒకే ఆఫీసు వాళ్ళం, నార్సింగి అవతల ఎకరం కౌలుకు తీసుకుని, ఎనిమిది టార్పాలిన్ తొట్లు కట్టి, కొర్రమీను, మీరనే కొర్రమట్ట, పెంచడం మొదలుపెట్టాం. వీడియోలు చూసి మొదలుపెట్టాం! నవ్వండి, నవ్వాల్సిన సంగతే. చేపను పళ్ళెంలో తప్ప చూడని మాకు, తొట్లు చూసుకోవడానికి మీ ఊరి రాజయ్య దొరకడం మా అదృష్టం. మేం నీళ్ళ మీటర్లు, ఫోన్లో గ్రాఫులు చూసుకునేవాళ్ళం. ఆయన తొట్టి పక్కన కూర్చుని, నీళ్ళలో చెయ్యి పెట్టి, "ఇయ్యాల ఇవి మంచిగ లేవు సార్" అనేవాడు. మీటరుకు ఆ సంగతి మర్నాడు తెలిసేది.

ఒకసారి కరెంటు పోయి ఒక తొట్టిలో చేపలన్నీ చచ్చిపోయాయి. గంటలో ఒక బేరగాడు వచ్చాడు. ఐసులో వేసుకుని పోతాను, సగం ధరకు ఇవ్వండి అన్నాడు. నిజం చెబుతున్నాను, మాలో ఇద్దరం తలూపాం. ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. రాజయ్య మా మొహం కూడా చూడలేదు. పార తీసుకుని గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. "తినేటోనికి తెల్వదని అమ్ముతమా సార్?" అన్నాడు. అంతే. చచ్చిన చేపలన్నీ ఆ గోతిలో పూడ్చేశాడు.

అలాంటి మనిషిని నేనేమన్నానో ఇప్పుడు చెప్పాలి.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మీకు చెప్పేదేముంది, ఆ రోజులు మీరూ పడ్డారు. మా చేపలు అమ్మకానికి వచ్చే సమయమది. కొనే హోటళ్ళకు తాళాలు. ఆఫీసు క్యాంటీన్లు బంద్. బండ్లు తిరగవు, ఐసు దొరకదు, దాణా లోడు కోస్తా నుంచి బయలుదేరదు. మాలో ఒకరి ఉద్యోగం పోయింది, మిగతావాళ్ళ జీతాలు కోసేశారు. అప్పుడు మేం ఇళ్ళలో కూర్చుని, వీడియో కాల్‌లో ఒక నిర్ణయానికి వచ్చాం. దాణా సగం చేద్దాం, చేప పెరగడం ఆగుతుంది, మార్కెట్ తెరిచాక మళ్ళీ పూర్తిగా వేద్దాం అని. ఆఫీసులో ప్రాజెక్టును పక్కన పెట్టినట్టు చేపలను పక్కన పెట్టేశాం! అలాంటి తెలివి మాకే వస్తుంది. మత్స్యకారుల ఇంట్లో పసిపిల్లకు కూడా రాదు.

రాజయ్య ఆ కాల్‌లోనే చెప్పాడు. "కొర్రమట్టకు ఆకలైతే పక్కదాన్ని చూస్తది సార్. దాణా తగ్గిస్తె జర పెద్దయి, చిన్నయి ఏరి వేరే తొట్లల్ల ఎయ్యాలె. నలుగుర్ని పంపుండ్రి" అన్నాడు. బయటి మనుషులను రానిస్తే కరోనా వస్తుందని మేం ఒప్పుకోలేదు. సరే చూద్దాం అన్నాను నేను. తర్వాత చూడలేదు.

ఆ రెండు నెలలు ఆయన ఒక్కడే. రోడ్డు మీద పోలీసులు ఆపుతున్నారని పొలాల గట్ల వెంట నడిచి వచ్చేవాడు. కుంటలో చిన్న పరక చేపలు పట్టి తొట్లలో వేసేవాడు. సక్కుబాయమ్మ ఇంట్లో తవుడు మూటగట్టి పంపేది. మా చేపలకు, అమ్మా, మీ ఇంటి తవుడు! మేం ఇంట్లో కూర్చుని కొత్త వంటలు నేర్చుకుంటున్నాం.

జూన్‌లో మిరుగం, అదే మృగశిర కార్తె, వచ్చింది. ఆ రోజు చేప తినని ఇల్లు ఉండదు కాబట్టి, పోయినదంతా ఒక్కరోజులో రాబట్టుకుందామనుకున్నాం. వల లాగితే పది చేపలు ఉండాల్సిన చోట నాలుగు కూడా రాలేదు. ఉన్నవాటిలో కొన్ని మాత్రం బాగా బలిసి ఉన్నాయి. బలిసినవాటిని కళ్ళారా చూశాను. అవి ఏం తిని బలిశాయని ఒక్క క్షణమైనా ఆలోచించానా? లేదు. ఫోన్ తీశాను. మా వాట్సాప్ గ్రూపులో రాశాను: "కాపలా ఉన్నవాడే అమ్ముకున్నాడు."

ఆ గ్రూపులో రాజయ్య కూడా ఉన్నాడు.

నా మెసేజి ఫోటో మీ సంఘం గ్రూపు దాకా వచ్చింది. ఎవరు పంపారో నాకు తెలియదు, తెలుసుకుని ప్రయోజనమూ లేదు. రాసింది నేను. చెరువులో చేపలు పట్టిన రోజు ఇంటింటి వాటా తూచే కాటా ఇరవై ఏళ్ళుగా రాజయ్య చేతిలో ఉండేది. ఆ ఏడు ఆ కాటా వేరేవాళ్ళు పట్టుకున్నారు. మీకూ అనుమానం వచ్చింది. మిమ్మల్ని తప్పుపట్టే నోరు నాకు లేదు, ఆ అనుమానం నేను పెట్టిందే.

రెండు నెలల తర్వాత మా అశ్విని, మా నలుగురిలో ఒకమ్మాయి, రిటైరైన మత్స్యశాఖ అధికారి ఒకాయన్ని తీసుకొచ్చింది. ఆయన రెండే ప్రశ్నలు అడిగారు. దాణా తగ్గించారా? చిన్నా పెద్దా వేరు చేశారా? మా జవాబులు విని, "ఇంకెక్కడి చేపలయ్యా, ఒకదాన్నొకటి తినేశాయి" అన్నారు. రాజయ్య ఏప్రిల్‌లోనే మా గ్రూపులో ఫోటో కూడా పెట్టాడు. ఒక చేప నోట్లోంచి ఇంకో చేప తోక బయటికి ఉన్న ఫోటో. ఆ గ్రూపు శబ్దం రాకుండా పెట్టుకుని, నేను దాన్ని తెరిచి చూడలేదు.

రాజయ్య ఇంటికి వెళ్ళాను. చేతులు పట్టుకున్నాను. తిట్టాడా? లేదు. చాయ్ తెప్పించాడు. నేను తాగేదాకా ఆగి ఒక్కటే అడిగాడు. "నాకు చెప్తె ఏమొస్తది సార్? సంఘంల ఒక్కసారి చెప్పుండ్రి."

వచ్చే ఆదివారం వస్తాను రాజయ్యా అన్నాను.

ఎన్ని ఆదివారాలు పోయాయండీ! కాల్స్ ఉన్నాయనుకున్నాను, ఆఫీసు తెరిచారనుకున్నాను, ఇల్లు బాచుపల్లికి మారాం, దూరమైందనుకున్నాను. అవన్నీ సాకులు. మీ ముందు నిలబడి నేను తప్పు చేశానని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. నా పరువు కాపాడుకోవడానికి ఆయన పరువును నాలుగేళ్ళు ఎండలో నిలబెట్టాను. ఆయన మళ్ళీ ఒక్కసారి కూడా గుర్తు చేయలేదు. ఎదురుపడితే, "మంచిగున్నరా సార్" అనేవాడు. ఒక్కసారి తిట్టి ఉంటే వచ్చేవాణ్ణేమో. ఇదీ సాకే.

అధ్యక్షులు గారూ, సభ్యులారా, ఆయన అడిగిన మాట ఇప్పుడు చెబుతున్నాను. రాజయ్య మా తొట్లలోంచి ఒక్క చేప కూడా అమ్ముకోలేదు. తప్పు మాది, నింద నాది. ఇది మీ సంఘం పుస్తకంలో రాసుకోండి, నేను సంతకం పెడతాను. సక్కుబాయమ్మా, నన్ను క్షమించమని అడగను. ఆయన వినేటప్పుడు చెప్పాల్సింది, ఆయన లేనప్పుడు చెప్పాను.

ఇప్పుడు రాజయ్య కోసం రెండు నిమిషాలు మౌనం పాటించాలి. పాటించమని మిమ్మల్ని అడిగే అర్హత నాకు లేదు, నేను నాలుగేళ్ళు పాటించినవాణ్ణి. అయినా చేతులు జోడించి అడుగుతున్నాను. అందరూ లేచి నిలబడండి.