మూతెడు ఆకలి మందు

రాజపాళయంలో ఒక సాయంత్రం. ఉదయకుమార్ మిల్లు నుంచి ఇప్పుడే వచ్చాడు. భార్య జయప్రియ ఒళ్ళో మూడేళ్ళ నరేన్. గడప దగ్గర ఉదయకుమార్ తల్లి మంగళం.

"లేపు అంటిని కదా, ప్రియా."

"నిద్రపోయినాడు. విడవండి. పొద్దున తింటాడు."

"పొద్దున, పొద్దున. దినమూ ఇదే కథ. నేను వచ్చేటప్పటికి వీడు నిద్ర. తళవాయిపురం పెండ్లిలో మా అన్న అందరి ముందర అడిగినాడు, బిడ్డకు అన్నం పెట్టడం లేదా అని. వాని కొడుకు వీని ఈడే, చూసినావు కదా, ఎట్ల ఉండాడో. సరి, పప్పు సాదం కలుపు. నేనే తినిపిస్తాను."

"మీరు వద్దు."

"ఏమి?"

"మొన్న వీని నోట్లో స్పూను కుక్కినారు. పంటి చిగురు చీలి నెత్తురు వచ్చింది. ఇంకా మానలేదు."

"నోరు తెరిస్తే నేనెందుకు కుక్కుతాను? ఆకలి పుట్టాలనే కదా డాక్టర్ సిరప్ ఇచ్చినాడు. పోస్తుండావా, లేదా?"

"పోస్తుండాను."

"పోస్తే వెయిట్ ఎక్కడ? ఏయ్ నరేన్. లే. లేరా."

"చెంప మీద కొట్టవద్దండి. అత్తా, మీరైనా చెప్పండి."

"ఉదయా, బిడ్డను విడు."

"నువ్వు లోపలికి పో అమ్మా. లేకపోతే నీకూ పడుతుంది."

"అయ్యో, నా చెయ్యి. విరుగుతుంది, విడవండి."

"అడ్డం వస్తే విరుగుతుంది, ప్రియా. లేరా, లే... ఏమి, ఇంత కొట్టినా ఏడవడం లేదు వీడు?"

"నరేన్. నాన్నా. అమ్మను చూడు."

"కన్ను తెరవడం లేదు. ఏమి పెట్టినావు, ప్రియా?"

"ఏమీ పెట్టలేదు. ఆ సిరప్పే."

"ఆకలి మందు తాగి ఇట్ల పడిపోతారా ఎవరైనా?"

"దానికి నిద్ర కూడా వస్తుంది. డాక్టర్ అప్పుడే చెప్పినాడు. మీరు వచ్చే లోపల నిద్రపోతే దెబ్బ తప్పుతుంది వీనికి. అందుకే దినమూ ఈ వేళకు పోస్తుండాను. అన్నం పోతే పోనీ అని."

"నన్ను చూసి భయపడి మందు పోసినావా? చంపుతాను నిన్ను."

"చంపండి, ముందు ఆస్పత్రికి పోదాము. నేను ఒక మూతే పోసినాను, ఒట్టు. దానికే ఇట్ల పడిపోడు. ఎప్పుడు పిలిచినా కదిలేవాడు. అత్తా, ఏమి అట్లే నిలబడినారు? ఆటో పిలవండి."

"నువ్వూ పోసినావా, ప్రియా? ఉదయ వచ్చే వేళ అయిందని నేనూ ఒక మూత పోసినాను కదమ్మా."