జీడితోటలో దరువు

వాన వెలిసింది. గొలుగొండ రోడ్డు పక్క జీడితోటలో సాలీడు కన్నం ముందు ఇద్దరూ బోర్లా పడుకున్నారు. ఆమె చర్చిలో డోలక్ వాయిస్తుంది. ఆ వేళ్లంటే అతనికి చెప్పలేనంత ఇష్టం, చెప్పలేదు కూడా.

"అమ్మో, అరసెయ్యంత ఉంది! కాళ్లు సూడు, ఎంత నీలమో!" అందామె. "ఆడదేటి?"

"ఆడదే. ఇల్లు కదలదు. మొగోడే వానల్లో ఎతుక్కుంటా వచ్చి, గుమ్మం కాడ కాళ్లతో దరువేస్తాడు."

"ఏసాక?"

"నచ్చితే రానిస్తాది. నచ్చకపోతే తినేస్తాది."

ఆమె పకపకా నవ్వింది. "ఆదివారం నన్ను సూసుకోడానికి రావికమతమోళ్లు వత్తన్నారు."

అతను కన్నం వదిలి ఆమె వైపు తిరిగాడు. "మరి... నచ్చితే?"

"నువ్వు దరువేస్తావేమోనని ఏడాది సూసేను. నీకేమో తాళమే రాదు!"

ఆమె వేళ్లు అతని చేతి మీద గబగబా దరువేశాయి.

"బేగి సెప్పు. రానిస్తావా, తినేస్తావా?"