చినిగిన పట్టీకే కొత్త పట్టీ

1927వ సంవత్సరం జూలై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, ఆదోనిలోని మన ఆసుపత్రిలో గాయాలకు కట్లు కట్టే డ్రెస్సరుగా శ్రీ షేక్ అబ్దుల్ రహీమ్ గారు ఉద్యోగంలో ప్రవేశించారు. నాడు ఆదోని బళ్ళారి జిల్లాలోనిది, నేడు కర్నూలు జిల్లాలోనిది. మద్రాసు రాష్ట్రం పోయి ఆంధ్రరాష్ట్రం వచ్చింది, ఆపైన ఆంధ్రప్రదేశ్ అవతరించింది. ఇన్ని సరిహద్దులు మారినా, కట్లగది కిటికీ పక్కనున్న రహీమ్ గారి ముక్కాలిపీట మాత్రం జానెడైనా జరగలేదు. ఈ జూన్ నెలాఖరుతో ముప్పై సంవత్సరాల నిరంతర సేవను పరిపూర్తి చేసుకొని విశ్రాంతి స్వీకరించబోతున్న ఆ సహృదయుని గురించి నాలుగు మాటలు చెప్పుకొనడం సహోద్యోగులందరికీ ఆనందదాయకం.

తొలి పది సంవత్సరాలు ఎద్దు పొడిచిన రైతులకూ, యంత్రంలో వేళ్లు నలిగిన కార్మికులకూ కట్లు కడుతూ ఆయన తమ హస్తవాసిని నిరూపించుకున్నారు. 1938లో ప్రధాన డ్రెస్సరుగా పదోన్నతి పొందారు. వారి సుగుణాలను ఏకరువు పెట్టేటప్పుడు ఒక్క లోపాన్ని కూడా ఒప్పుకొనక తప్పదు. కట్టు విప్పేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒక కథ మొదలుపెడతారు, కట్టు పూర్తయినా ఆ కథ మాత్రం పూర్తి కాదు. మిగిలిన సగం వినడానికే మరునాడు వచ్చిన రోగులు కూడా లేకపోలేదు.

అంతటి మాటకారి నోరు మూయించగలిగినది ఒక్కటే ఉండేది: తాము మాన్పిన పుండు మళ్ళీ కళ్లబడడం. పత్తినుండి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లుల్లో తెల్లవారింది మొదలు పొద్దు వాలేదాకా నిలబడి పనిచేసే ఆడకూలీలకు కాలినరాలు ఉబ్బి, చీలమండ పైన పుండ్లు పడేవి. నెలల తరబడి శ్రమిస్తే మానేవి, మానిన ఏడాది తిరగకముందే అక్కడే మళ్ళీ పగిలేవి. అది తమ చేతికి జరిగిన అవమానంగా భావించి రహీమ్ గారు ఆ పూట అన్నం సయించక బాధపడేవారు.

1951లో పెద్దకడుబూరునుండి వచ్చి ఆదోని మిల్లులో పనికి కుదిరిన భీమక్క కాలిపుండు ఏడు నెలల చికిత్సతో మానింది. అది తిరగబెట్టకుండా డాక్టరు గారు మదరాసునుండి రబ్బరు దారంతో అల్లిన బిగుతు మేజోడును తెప్పించి ఇచ్చారు. పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలనీ, రాత్రి పడుకునేటప్పుడు తీయాలనీ రహీమ్ గారు పదిసార్లు చెప్పి పంపారు. నాలుగు నెలలకు భీమక్క కుంటుతూ వచ్చింది.

"మేజోడు యాడ, భీమక్కా?" అన్నారు రహీమ్ గారు.

"భద్రంగా ఉందన్నా! పెట్టెలో పెండ్లిచీర పక్కన పెట్టినా. ఒక్క పోగు సెడలేదు, సూడు!" అంటూ ఆమె కాగితం పొట్లం విప్పి చూపింది. మేజోడు అంగడినుండి అప్పుడే వచ్చినట్టు నిగనిగలాడుతున్నది.

"కాలికి తొడగమని గదమ్మా ఇచ్చింది!"

"తొడిగినా కదన్నా. ఉగాదికి తొడిగినా, మా మరిది పెండ్లికి తొడిగినా. మదరాసు నుంచి వచ్చిన వస్తువును పత్తిదుమ్ములో పాడుసేసుకుంటానా?"

గదిలో నవ్వులు చెలరేగాయి. రహీమ్ గారికీ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వు ఆగలేదు. కట్టు విప్పాక మాత్రం ఆ నవ్వు మాయమైంది. పుండు మునుపటికంటె పెద్దదై ఉంది. "ఇంగొక్కతూరి నాగా పెడితే నా తావులో వేరేదాన్ని పెట్టుకుంటానన్నాడు మేస్త్రీ" అన్నది భీమక్క మెల్లగా. ఆమె కూలితోనే ఇంటిల్లిపాదీ బతుకుతున్నారు.

ఆ సాయంత్రం రహీమ్ గారు డాక్టరు గారితో, "తప్పు ఆయమ్మది కాదు సార్. ఎట్ల తొడగాల్నో సెప్పినా గాని, దాన్ని అరగదీయాలని నేను సెప్పలేదు" అన్నారు. ఎదుటివారి పొరపాటులో తమ వంతు వెతుక్కొనే గుణం ఆయనకు సహజం.

తరువాతి ఆదివారమే బస్సెక్కి ఎమ్మిగనూరు వెళ్లి, నేతగాడు మద్దయ్య మగ్గం ముందు కూర్చున్నారు. దాచుకోబుద్ధి కాని ముతక పట్టీ, లాగితే సాగి కాలిని పట్టుకొని ఉండే పట్టీ కావాలన్నారు. "పంచె అడుగు, సీర అడుగు, నేసిస్తా. కాలికి సుట్టే గుడ్డ ఏందప్పా?" అని మద్దయ్య విసుక్కున్నా కాదనలేకపోయాడు. మొదటి పట్టీ మధ్యాహ్నానికే జారి భీమక్క పాదం చుట్టూ కుప్పబడింది. రెండవది మరీ బిగిసింది, కట్టిన కాసేపటికే ఊడదీయవలసి వచ్చింది. మూడవసారి నూలుకు మెలి ఎక్కువ పెట్టి నేస్తే, నీళ్లలో ముంచగానే ముడుచుకొని, లాగితే సాగింది. అంచులు కుట్టినది రహీమ్ గారి సతీమణి జొహరాబీ గారు. డాక్టరు గారు పాదంలో నాడి చూసి సరేనన్న తరువాతనే పట్టీ కట్టేవారు.

అప్పుడు రహీమ్ గారు మన ఆసుపత్రిలో ఒక శాసనం చేశారు: వాడి వాడి చినిగిన పట్టీ తెచ్చినవారికే కొత్త పట్టీ, కొత్తగా మెరిసే పట్టీ తెచ్చినవారికి చీవాట్లు. మూడు నెలలకు భీమక్క తన పట్టీని పైకెత్తి పట్టుకొని వచ్చింది. "సూడన్నా, రెండు తావుల సినిగింది!" అంటే, "శభాష్! పని అంటే ఇదీ!" అన్నారు. అది మొదలు ఆడకూలీలు ఎవరి పట్టీ ఎక్కువ అరిగిందో పోటీలు పడ్డారు. మిల్లు కాపలాదారు గిడ్డయ్య మెప్పు కోసం తన పట్టీని ఇంట్లోనే కోసి తెచ్చాడు. రహీమ్ గారు అంచు తిప్పి చూసి, "ఇది అరిగింది కాదు గిడ్డయ్యా, కత్తెర పెట్టింది. పోయి కట్టుకొని తిరుగుపో" అని వెనక్కి పంపారు.

భీమక్క పుండు ఆరు నెలలకు మానింది. ఆ తరువాత ఏడాదిపాటు ఆమె గడపలో అడుగు పెడితే రహీమ్ గారు ముఖం కంటె ముందుగా చీలమండనే చూసేవారు. ఇన్నేళ్లయినా ఆ కాలు మళ్ళీ పగలలేదు, మిల్లులో ఆమె తావు ఆమెకే ఉన్నది. కొత్తగా చేరినవారికి పట్టీ చుట్టడం నేర్పేది ఇప్పుడు ఆమే.

మొన్నటి శనివారం రహీమ్ గారు కాలిరోగులను చూసే చివరి దినం. పొద్దున్నే పాత దూది పట్టి తీసే చిమటాలు ఉడకబెట్టి, దూది, మందు సిద్ధం చేసుకొని కూర్చున్నారు. పందొమ్మిదిమంది వచ్చారు. ఒక్కొక్కరి పట్టీ విప్పి చూశారు. ఒక్క కాలిమీదా పుండు లేదు. పందొమ్మిదవ కాలు చూసి, ఆయన చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుండిపోయారు.

"ఏందన్నా, మాట పడిపోయిందా?" అన్నది భీమక్క.

"పని లేకుండా ఎట్ల కూసోవాల్నో తెలియడంలేదమ్మా" అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ.

ఆనాడు కట్లగదిలో పిడికెడు దూది కూడా ఖర్చు కాలేదు. శాలువలూ పూలదండలూ మనం తరువాత సమర్పించుకుంటాము గాని, రహీమ్ గారికి జరగవలసిన సన్మానం ఆ ఉదయమే జరిగిపోయింది. ఆ పుణ్యదంపతులు ఆరోగ్యంతో, సంతోషంతో చిరకాలం వర్ధిల్లాలని మన ఆసుపత్రి యావత్తూ మనసారా కోరుకుంటున్నది. మనకంటె ముందుగా, ఇంతకంటె చక్కగా భీమక్క ఆ శనివారం గడప దాటుతూ చెప్పనే చెప్పింది: "నీ కాళ్లు సల్లగుండ రహీమన్నా, నూరేండ్లు నడువు. మా ఈది పక్కకు గూడా వస్తా ఉండు!"