వీధిలో పొయ్యి పెట్టిన నాసరమ్మ

నాసరమ్మ మొగుడు ఎలమంద మంచోడే అనుకో, చావు మాటెత్తితే మాత్రం చెవులు మూసుకునేవాడంట. పిల్లల్లేరు. ఇద్దరూ రాళ్ళు మోసి కట్టుకున్న నాపరాళ్ళ ఇల్లు ఒక్కటుంది, అదీ మొగుడి పేరునే. ఆ ఊళ్ళో పద్ధతేందంటే, కొడుకుల్లేనోడికి ఎవడు తలకొరివి పెడితే ఇల్లు వాడిదే. మరి పెళ్ళాం గతేందంటే వీధే. నవ్వుతారేందమ్మా, మీ ఊళ్ళో వేరేగా ఉందా? ఎలమంద వాళ్ళన్న పేరయ్య, తన కొడుకు గురవయ్యని కొరివికి అప్పుడే సిద్ధం చేసి పెట్టుకున్నాడంట. వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి వదిలేసి ఇంటి దూలాల్ని పలకరించి పోయేవాడంట.

ఏమైందంటే, నాసరమ్మ మొగుణ్ణి అడిగింది. ఏమయ్యా, ఇల్లు ఇద్దరి పేరా రాయించు, ఒకరు పోతే మొత్తం రెండోవాళ్ళదేనని అందులోనే రాయించు, అంది. "ఛీ, బతికుండగానే నాకు కర్మ చేస్తావటే? చట్టం నీ పక్కనే ఉందిలే" అని కసిరాడంట. "ఉంది. అది మన ఊరొచ్చేసరికి కోర్టు మెట్లెక్కి నా మోకాళ్ళరుగుతాయి" అంది. ఆయన వినలా. తెల్లారి నాసరమ్మ ఏం జేసిందీ? పొయ్యీ, కుండా, చాపా తీసుకుపోయి వీధిలో పెట్టింది. అక్కడే వంట, అక్కడే పడక. "ఇదేందే నాసరమ్మా?" అంటే, "ఆయన పోయినాక ఎట్టాగూ ఇక్కడే కదా, ముందే అలవాటు చేసుకుంటున్నా" అనేదంట. ఎలమంద కంచం పట్టుకుని వీధిలోకొచ్చి తినాలి. చూసినోళ్ళు ఊరుకుంటారా? "ఏం ఎలమందా, నువ్వుండగానే పెళ్ళాన్ని గెంటావే!" అని. బతిమాలాడు, తిట్టాడు. ఆవిడ కదల్లా. వానొస్తే గోనెపట్టా కప్పుకుని వండింది. ఆ వానలో ఆయనకి గుండె కరిగిందో, సిగ్గే వేసిందో, రిజిస్ట్రారాఫీసుకి పోయి ఆవిడ చెప్పినట్టే రాయించాడంట.

కొన్నాళ్ళకి ఎలమంద పోయాడు. పాడె కట్టారు. గురవయ్య తడిబట్టలతో నిప్పుకుండ పట్టుకుని నిలబడ్డాడు. పేరయ్య మెల్లగా వచ్చి, అమ్మాయ్, తాళాలు ఇట్టా ఇయ్యి, అన్నాడంట. "దేనికి బావా? ఆయన ఊపిరి పోయినప్పుడే ఇల్లు మొత్తం నాదైంది. పంచాయితీ అక్కర్లా, కోర్టూ అక్కర్లా. కాయితం అట్టా రాయించాం" అంది. అంతే, గురవయ్యకి అక్కడికక్కడే నడుం పట్టేసిందంట! "నా వల్ల కాదు నాయనా" అని కుండ కింద పెట్టి కూలబడ్డాడు. ఊరంతా చూస్తోంది. నాసరమ్మ ఆ కుండ చేతికి తీసుకుని పాడె ముందు నడిచింది. "ఆడది కొరివి పెడితే వాడికి గతులుండవే!" అని పేరయ్య అరిచాడు. "ఇన్నేళ్ళు నాతో కాపరం చేసినోడు, నా చేతి నిప్పుకి భయపడడులే బావా" అందంట.

ఏమ్మా, ఆడచెయ్యి అంటించిందని కట్టెలేమన్నా అలిగినయ్యా? శుభ్రంగా కాలినయ్యంట. గురవయ్య నడుమే, ఏ వైద్యుడికీ అంతుబట్టలేదంటున్నారు.